తల్లి అన్నము, బిడ్డ బ్రతుకు



మన భీమవరము ప్రాంతమున వడ్లకు కొదువ లేదు, చేపలకు కొదువ లేదు. అయినను గర్భిణి కంచములో చారు, అన్నము మాత్రమే యుండు ఇండ్లు కలవు. ఆమె రక్తములో హెచ్.ఐ.వి. క్రిమి కూడ నున్నయెడల తల్లిని, బిడ్డను కాపాడు మార్గమేది? గడచిన నలువది యేండ్ల చరిత్ర మనకు మూడు సంగతులు నేర్పుచున్నది.

మొదటిది మందు. మన దేశమున ఈ క్రిమి 1986లో మద్రాసునందు కనుగొనబడెను. చికిత్స లేనినాడు అట్టి తల్లులకు పుట్టిన నూరుగురు బిడ్డలలో 15 మొదలు 45 మందికి అది సోకెడిది. 1994లో అమెరికా, ఫ్రాన్సు దేశముల వైద్యులు జిడోవుడిన్ అను మందును తల్లికిని శిశువునకును ఇచ్చి, ఆ అపాయమును మూడింట రెండు వంతులు తగ్గించిరి. మన ప్రభుత్వము 2004 ఏప్రిల్ 1న ఉచిత చికిత్స ప్రారంభించెను. 2014 నుండి ఈ క్రిమి గల ప్రతి గర్భిణికిని జీవితాంతము మందులిచ్చు పద్ధతి వచ్చెను. క్రమముగా మందు వాడినయెడల బిడ్డకు సోకు అపాయము నూటికి 5 కన్న తక్కువకు దిగును.

రెండవది అన్నము. టాంజానియా దేశమున ఈ క్రిమి గల 1,075 మంది గర్భిణులపై జరిగిన పరిశోధన 1998లో వెల్లడియాయెను. బి, సి, ఇ విటమినులు పుచ్చుకొనిన తల్లులలో గర్భనష్టము తగ్గెను. తక్కువ బరువుతో పుట్టు బిడ్డలును తగ్గిరి. అయితే క్రిమి బిడ్డకు సోకుటను ఆ విటమినులు ఆపలేదు. కాబట్టి మందు చేయు పని అన్నము చేయదు. అన్నము చేయు పని మందు చేయదు. రెండును కావలెను.

మూడవది పాలు. 1999లో దక్షిణాఫ్రికాలోని డర్బను వైద్యులు ఒక వింత గమనించిరి. తల్లిపాలు మాత్రమే త్రాగిన బిడ్డలకంటె, తల్లిపాలతోపాటు ఇతర ఆహారము పుచ్చుకొనిన బిడ్డలకే క్రిమి హెచ్చుగా సోకెను. బయటి ఆహారము లేత ప్రేగులకు హాని చేసి క్రిమికి దారి చూపునని వైద్యుల తలంపు. పుట్టినవెంటనే తేనె, పంచదార నీళ్లు, ఆముదము నాకించు అలవాటు మనలో ఎందరికి లేదు? మందు వాడు తల్లి, వైద్యుల సలహాతో, ఆరు నెలలు తన పాలు మాత్రమే ఇయ్యవలెను. పథ్యమని బాలింతకు పప్పు, గ్రుడ్డు, చేప మాన్పించుట తగదు.

2013లో మన రాష్ట్రమున అంగనవాడీలలో గర్భిణులకు, బాలింతలకు పప్పన్నము, కూర, గ్రుడ్డు, పాలు పెట్టు పథకము ఆరంభమాయెను. కాని ఇరుగుపొరుగు వేలెత్తి చూపునను భయమున్న తల్లి ఆ పంక్తికి వచ్చునా? ఇట్టివారిని వేరుగా చూడరాదని 2017నాటి చట్టము చెప్పుచున్నది. చట్టము మన అరుగులమీది గుసగుసలను ఆపజాలదు. దానిని మనమే ఆపవలెను.

చదువరులారా, మీ వీధిలో గర్భిణి యున్నయెడల, మొదటి నెలలలోనే రక్తపరీక్షకు తోడుగా వెళ్లుడి. ఫలితము అడుగకుడి, తెలిసినను ఎవరికిని చెప్పకుడి. ఇంటికి వచ్చునప్పుడు ఒక గ్రుడ్డు, ఒక గిన్నెడు మునగాకు పప్పు తీసికొని రండి.