వాయు కాలుష్యం - మానసిక ఆరోగ్యం

కలుషితమైన గాలి ఊపిరితిత్తులకే కాదు, మెదడుకూ మనసుకూ చేటు చేస్తుంది. ప్రధాన కారకం పీఎం 2.5. వాహనాల పొగలోంచి, బొగ్గు, పంట వ్యర్థాల మంటల్లోంచి వెలువడే ఈ సూక్ష్మ ధూళి కణాల వ్యాసం 2.5 మైక్రాన్లు మించదు. వీటిలో మరీ చిన్నవి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి దిగుతాయి. కొన్ని ముక్కులోని వాసన నాడి వెంట నేరుగా మెదడుకు చేరగలవు.

మెక్సికో నగరంలో పరిశోధకురాలు లిలియన్ కాల్డెరాన్ బృందం తొలుత కుక్కల మెదళ్లలో, తర్వాత పిల్లల్లో వాపు లక్షణాలను గుర్తించింది. 2016లో మరో శాస్త్రవేత్త బార్బరా మాహెర్ బృందం ఆ నగరవాసుల, మాంచెస్టర్‌వాసుల మెదడు కణజాలంలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులను చూసింది. శరీరంలో సహజంగా ఏర్పడే స్ఫటికాలకు కోణాలుంటాయి. ఇవి మాత్రం గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. అంటే శరీరంలో కాక, బయట మంటల వంటి అధిక వేడిలో పుట్టినవన్నమాట.

ఈ ధూళి ఎక్కువగా ఉన్నచోట కుంగుబాటు కూడా ఎక్కువని పలు దేశాల అధ్యయనాలు చూపాయి. పేదరికం, రొద కూడా అవే పేటల్లో ఉంటాయి కాబట్టి దేని వాటా ఎంతో తేల్చడం కష్టమే. అయినా ఉపేక్షించదగ్గ విషయం కాదిది. పీఎం 2.5 వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటరాదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. 2009లో భారత్ పెట్టుకున్న పరిమితి 40.