మద్రాసు బుల్లెట్టు: కొత్తగా చేయించాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?



బర్మింగ్‌హామ్ నుంచి దక్షిణంగా ఓ పదిహేను మైళ్లు వెళితే రెడ్డిచ్ అనే ఊరొస్తుంది. ఒకప్పుడు ప్రపంచానికంతా సూదులు చేసిపెట్టిన ఊరు. అక్కడ సూదులు చేసుకునే ఒక కార్ఖానా మెల్లగా సైకిళ్లలోకి దిగింది. 1890లలో ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే కాంట్రాక్టు దొరికాక "రాయల్ ఎన్‌ఫీల్డ్" అన్న పేరు తగిలించుకుంది. 1901లో మొదటి మోటారు సైకిలు చేసింది. ఫిరంగి బొమ్మ వ్యాపార చిహ్నమైంది, బండికి "బుల్లెట్" అన్న పేరు 1930లలో వచ్చింది. సూది నుంచి తూటా దాకా అన్నమాట!

మనవాళ్లకి తెలిసిన బుల్లెట్టు మాత్రం యుద్ధం తరవాతది. వెనక చక్రానికి స్ప్రింగులతో ఊగే చట్రం పెట్టి 1949లో అమ్మకానికి తెచ్చిన బండి అది. స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో మన సైన్యానికి సరిహద్దుల్లో తిరగడానికి గట్టి బండి కావలసి వచ్చింది. మద్రాస్ మోటార్స్ ద్వారా 350 సిసి బుల్లెట్లు ఆర్డరు చేశారు. 1953లో అవి ఇక్కడి నుంచి ఓడెక్కాయి. ఆ ఆర్డరు చూశాకే రెడ్డిచ్ వాళ్లకీ మద్రాసు వాళ్లకీ పొత్తు కుదిరి, 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది, మద్రాసుకి ఉత్తరాన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ లేచింది. మొదట ఇక్కడి నుంచి వచ్చిన భాగాల్ని అక్కడ బిగించేవారు. తరవాత పనిముట్లూ అచ్చులూ కూడా వెళ్లాయి. 1962 నాటికి బండి మొత్తం అక్కడే తయారవుతోంది.

ఇక్కడే కథ తమాషాగా తిరిగింది. రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతబడింది, 1970కల్లా బ్రిటన్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ అన్నది లేకుండా పోయింది. మద్రాసులో మాత్రం 1955 నాటి ఆ నమూనానే దాదాపు మార్పు లేకుండా దశాబ్దాల తరబడి చేస్తూ పోయారు. 1977లో ఆ బండ్లు తిరిగి ఈ దేశానికే ఎగుమతి అయ్యాయి. పుట్టింటికి సారె పట్టుకొచ్చిన ఆడపిల్లలాగా! ఈ దేశంలో షెడ్లలో మూలుగుతున్న పాత రెడ్డిచ్ బండ్లు కొన్ని మళ్లీ రోడ్డెక్కాయంటే, మద్రాసు నుంచి వచ్చిన విడిభాగాలు అందులో పెద్ద దిక్కయ్యాయి. "అది అసలుది కాదు" అని ముఖం చిట్లించే పెద్దమనుషులు ఇక్కడి క్లబ్బుల్లో లేకపోలేదు. తాత పోలికలు మనవడిలో కనిపిస్తే మనవడిది దొంగ ముఖం అంటామా?

ఇదంతా ఎందుకు చెప్పుకొచ్చానంటే, మన శ్రోతల్లో ఒకాయన ఒక చిక్కు తెచ్చారు. తెనాలి పక్కన పల్లెలో వాళ్ల నాన్నగారి 1967 నాటి బుల్లెట్టు గొడ్లసావిట్లో గోనెపట్టాల కింద పడి ఉంది. ఆయన పశువుల డాక్టరు. పాతికేళ్లు ఆ బండి మీదే ఊళ్లు తిరిగారు. ఇప్పుడు తమ్ముడు పాత ఇనుముకి వేసేద్దామంటున్నారు. పట్నంలో ఒక మెకానిక్కు లక్షన్నర ఇస్తే షోరూములోంచి దించినట్టు చేసిస్తానంటున్నాడు. అమ్మగారేమో ముట్టుకోవద్దంటున్నారు. వెనక క్యారియరు మీద మందుల పెట్టె రాసుకుని పడిన గాడి ఉందట, పక్క డబ్బా మీద పశువుల పుళ్లకి రాసే ఊదారంగు మందు ఒలికిన మరక ఉందట. మెకానిక్కు దృష్టిలో అవి రెండూ లోపాలే. పుట్టీ పెట్టి, రంగు కొడితే పోతాయి.

పోతాయి, నిజమే. పోయాక మళ్లీ రావు.

పాత వాహనాల సంఘాల ప్రపంచ సమాఖ్య ఒకటుంది, ఫీవా అంటారు. వాళ్లు 2012లో ట్యూరిన్ ఒప్పందమని ఒక పత్రం ఆమోదించారు. పాత గుళ్లకీ కోటలకీ 1964లో వెనిస్‌లో రాసుకున్న సూత్రాలనే బండ్లకి అన్వయించారు. సారాంశం ఏమిటంటే, ముందు ఉన్నదాన్ని కాపాడు, తప్పనిసరైతేనే మార్చు, మార్చినది ఏదో తరవాత వాళ్లకి తెలిసేలా గుర్తు పెట్టు. బండికి ఇంత శాస్త్రమా అనిపించవచ్చు. కానీ తిరువొత్తియూరులో పెట్రోలు ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తో, కుంచెతో గీసే పద్ధతి చాలాకాలం సాగింది. ఆ గీత ఒక మనిషి చేతివాటం. దాని మీద కొత్త పెయింటు కొట్టి స్టిక్కరు అంటిస్తే బండి మెరుస్తుంది, ఆ చెయ్యి పోతుంది.

అలాగని ప్రతిదానికీ ఈ సూత్రం నప్పదు. బర్మింగ్‌హామ్ దగ్గరున్న జాతీయ మోటారు సైకిలు మ్యూజియంలో 2003 సెప్టెంబరులో నిప్పంటుకుని వందల బండ్లు కాలిపోయాయి. మసిబారిన చట్రాలు మిగిలిన చోట పాత రంగును కాపాడడమేమిటి? వాళ్లు చాలావాటిని మొదటి నుంచీ మళ్లీ కట్టుకుంటూ వచ్చారు, 2004 చివర్లో మ్యూజియం మళ్లీ తెరిచారు. అక్కడ అదే సరైన పని.

తెనాలి బండి కాలిపోలేదు. పైగా బుల్లెట్టు అరుదైన బండి కాదు. నిగనిగలాడే పాత బుల్లెట్టే కావాలంటే డబ్బు పెట్టి ఎవరిదైనా కొనుక్కోవచ్చు. మందు మరక ఉన్నది మాత్రం ఒక్కటే. కాబట్టి నా మాట ఇది: పైన ముట్టుకోకండి, లోపల బాగుచేయించండి. బ్రేకులు, టైర్లు, వైర్లు, కేబుళ్లు మొహమాటం లేకుండా కొత్తవి వేయించాలి, అవి ప్రాణానికి సంబంధించినవి. తీసిన పాత భాగాలు పారేయకుండా ఒక పెట్టెలో దాచాలి. తుప్పు తిన్నచోట శుభ్రం చేసి నూనె పట్టిస్తే చాలు.

ఇంజను బిగుసుకుపోయి ఉంటే బలవంతాన కిక్కు కొట్టవద్దు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కాస్త డీజిలు పోసి కొన్నాళ్లు ఊరనిచ్చి, ఆ తరవాత మెల్లగా కదిలించి చూడాలి. అది ఇనప సిలిండరు ఇంజను. 70 మిల్లీమీటర్ల పిస్టను 90 మిల్లీమీటర్లు కిందికీ పైకీ నడుస్తుంది. ఆ పొడవాటి నడక, బరువైన చక్రం కలిసి వచ్చేదే ఆ దుగ్‌దుగ్ చప్పుడు. 2000ల చివర్లో కొత్త ఇంజన్లు వచ్చాక అది మళ్లీ అలా వినపడలేదు. ఊళ్లో డాక్టరుగారొస్తున్నారని గేదెలున్న వాళ్లకి ముందుగా తెలిసింది ఆ చప్పుడుతోనే కదా. ముట్టుకోవద్దంటున్న అమ్మగారికి కూడా ఇది చెప్పి చూడండి. అమ్మీటరు ముల్లు మధ్యకొచ్చేదాకా చూసుకుని, డీకంప్రెసర్ నొక్కి, ఆ మీదట కిక్కు కొట్టే పద్ధతి తెలిసిన ముసలి మెకానిక్కులు ఇంకా ఉన్నారు. అటువంటి ఒకాయన్ని పట్టుకోవడం లక్షన్నర ఖర్చుకన్నా ముఖ్యం. అన్నట్టు, దాని గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. సెలవుల్లో వెళ్లిన కుర్రాళ్లకి తాళం ఇచ్చేముందు ఈ సంగతి చెప్పాలి.

ఇక కాగితాల సంగతి. ఇక్కడ నలభై ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని బండికి 2018 మే నుంచి ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. ఇండియాలో 2021 జులైలో వింటేజ్ వాహనాలకి ప్రత్యేక రిజిస్ట్రేషను తెచ్చారు. యాభై ఏళ్లు దాటాలి, చట్రం, ఇంజను వంటివి పెద్దగా మార్చకుండా మొదటి రూపంలో ఉండాలి. మొదటిసారి ఫీజు 20,000 రూపాయలు. అయితే ఆ నంబరు తీసుకుంటే రోజూ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ మాత్రమే. ఊళ్లో బజారుకి వేసుకెళ్లాలనుంటే పాత ఆర్‌సీనే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రెన్యూ చేయించుకోవడం మేలు. ఏ దారి పట్టినా ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద స్పష్టంగా కనపడాలి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకుంటారు. పట్నం మెకానిక్కు గీకి, దళసరిగా రంగు కొట్టాడంటే ఆ అంకెలు పూడిపోతాయి. అందుకని బండిని సావిట్లోంచి బయటికి తీసిన రోజునే, తుడవకముందే, నాలుగు వైపులా ఫోటోలు తీసి, ఆ నంబర్ల ముద్ర ఒక కాగితం మీద దించి పెట్టుకోమని తమ్ముడుగారికి చెప్పండి.

వచ్చే వారం కలుద్దాం. సెలవు.