గులకనేల, తోట పేరు: షాటో ఓ బ్రియోన్ ఎర్ర వైను ప్రతిష్ఠకు మూలాలు

ఫ్రాన్స్‌లోని బోర్డో నగరాన్ని ఆనుకుని పెస్సాక్ పట్టణం ఉంది. అక్కడ ఇళ్ల, రోడ్ల నడుమ సుమారు 50 హెక్టార్ల ద్రాక్షతోట ఒకటి ఇప్పటికీ పండుతోంది. అదే షాటో ఓ బ్రియోన్. నగరం పెరిగేకొద్దీ ఈ చుట్టుపక్కల తోటలు చాలావరకు ఇళ్ల స్థలాలైపోయాయి. ఇది మాత్రం ఎందుకు నిలిచిందని అడిగితే, నేల మహిమ అనే జవాబు వెంటనే వస్తుంది. ఆ జవాబు తప్పు కాదు, కానీ అదొక్కటే చాలదు. ఆ నేల విలువ బయటి ప్రపంచానికి తెలిసిందంటే, 17వ శతాబ్దంలో ఒక కుటుంబం తన వైనును అమ్మిన తీరు కూడా అందుకు కారణమని నా వాదన.

పోంటాక్ వంశానికి ఇక్కడి భూమి మొదట 1525లో కట్నంగా దక్కింది. జాన్ ద పోంటాక్ 1533లో మిగతా ఎస్టేటు కొన్నాడు, తర్వాత భవనం కట్టించాడు. ఆ వంశంలోనే పుట్టిన ఆర్నో ద పోంటాక్ బోర్డో ఉన్నత న్యాయస్థానానికి అధ్యక్షుడయ్యాడు. అతని కాలంలో ఇంగ్లండుకు పీపాల్లో వెళ్లే బోర్డో వైను లేత రంగులో ఉండేది, ఏడాది తిరక్కముందే తాగెయ్యాల్సి వచ్చేది. అది ఏ తోటలో పండిందో తాగేవాడికి సాధారణంగా తెలిసేది కాదు. పోంటాక్ తన సరుకును తోట పేరుతోనే అమ్మాడు. ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ వైను నిల్వల లెక్కల్లో 1660 నాటికే ఆ పేరు కనిపిస్తుంది. 1663 ఏప్రిల్ 10న లండన్‌లోని రాయల్ ఓక్ పానశాలలో ఈ వైను తాగిన శామ్యూల్ పీప్స్, దాని ప్రత్యేకమైన రుచిని దినచర్యలో మెచ్చుకున్నాడు. పేరును మాత్రం చెవికి వినపడినట్టు తప్పుగా రాసుకున్నాడు. 1666 లండన్ మహా అగ్నిప్రమాదం తర్వాత పోంటాక్ కొడుకు ఆ నగరంలోనే 'పోంటాక్స్ హెడ్' అనే భోజనశాల తెరిచాడు. రాయల్ సొసైటీ సభ్యులు అక్కడ విందులు చేసుకునేవారు. తోట యజమానే తన సరుకును కొనేవాడి బల్ల మీదికి నేరుగా తెచ్చిపెట్టడం ఆ రోజుల్లో చాలా ముందుచూపున్న పని.

ఈ చరిత్రలో నాకు అత్యంత విలువైన సాక్షి తత్త్వవేత్త జాన్ లాక్. 1677లో ఆయన ఈ తోటను స్వయంగా చూశాడు. తెల్లటి ఇసుకలో గులకరాళ్లు కలిసిన నేల, చూస్తే ఏ పైరూ పండేలా లేదని రాసుకున్నాడు. మధ్యలో ఒక్క కాలువ మాత్రమే అడ్డున్న పక్క తోట నేల కంటికి అచ్చం ఇలాగే ఉన్నా, అక్కడి వైను దీనికి సాటిరాదని వర్తకులు తనకు చెప్పారన్నాడు. ధర పెరగడానికి కారణం కూడా ఆయనే చెప్పాడు: ఎంతైనా సరే, మేలైనదే పంపండని ఇంగ్లండు సంపన్నులు కబురు పెట్టడం. నేల ప్రత్యేకతనూ గిరాకీ బలాన్నీ ఒకే పరిశీలకుడు పక్కపక్కనే నమోదు చేశాడు. తర్వాత రాసినవారిలో ఎక్కువమంది మొదటిదాన్నే పట్టుకుని రెండోదాన్ని వదిలేశారు.

నేల పాత్రను తక్కువ చేయలేం. గులకలో వాన నీరు నిలవదు. వేరు లోతుకు పోతుంది, కాయ చిన్నదై రసం చిక్కబడుతుంది. పగటి ఎండను పట్టుకున్న రాళ్లు రాత్రి ఆ వేడిని వదులుతాయి. చుట్టూ ఉన్న నగరపు వెచ్చదనం కూడా తోడై, మెడాక్ ప్రాంతంకన్నా ఇక్కడ కోత సాధారణంగా ముందే మొదలవుతుంది. అడుగున బంకమట్టి ఉన్నచోట మెర్లో రకం బాగా వస్తుంది. అందుకే ఇక్కడి మిశ్రమంలో కాబెర్నే సోవిన్యోన్‌కు దీటుగా మెర్లో ఉంటుంది. ఇక పీపాల దశలో పని అంతా ఓపిక మీదే నడుస్తుంది. కొన్ని నెలలకోసారి తేటను వేరే పీపాలోకి దించుతారు. సంప్రదాయ పద్ధతిలో పనివాడు కొవ్వొత్తి వెలుగులో ధారనే చూస్తూ కూర్చుంటాడు. మడ్డి తొలి పొగ కనిపించగానే ఆపేస్తాడు. ఆవిరై తగ్గినంత మేరా మళ్లీ నింపుతూ ఉంటారు.

1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో దళారులు మార్కెట్ ధరల ఆధారంగా శ్రేణులు కట్టినప్పుడు, ఎర్ర వైన్లలో మెడాక్ వెలుపలి నుంచి చోటు దక్కింది ఓ బ్రియోన్‌కొక్కదానికే, అదీ మొదటి శ్రేణిలో. ఆర్థిక మాంద్యపు రోజుల్లో, 1935లో, అమెరికన్ బ్యాంకరు క్లారెన్స్ డిల్లన్ ఎస్టేటును కొన్నాడు. 1961లో పులియబెట్టడానికి స్టెయిన్‌లెస్ స్టీలు తొట్లు పెట్టారు. పేరున్న ఎస్టేట్లలో ఆ పని ముందుగా చేసింది ఇదే. తొట్టి లోపలి వేడి అదుపులోకి రావడంతో వేడి సంవత్సరాల్లో వైను చెడే ప్రమాదం బాగా తగ్గింది.

లాక్ నాటి కాలువ ప్రశ్నకు మన కాలంలో దగ్గరి పరీక్ష 1983లో మొదలైంది. డిల్లన్ వారసులు ఆ ఏడాది రోడ్డుకు అవతలున్న లా మిషన్ ఓ బ్రియోన్‌ను కొన్నారు. అప్పటినుంచి రెండు తోటలకూ యజమాని ఒకరే, వైను తయారుచేసే బృందమూ ఒకటే. రుచి తెలిసినవారు మాత్రం రెంటినీ వేరువేరుగానే గుర్తుపడతారు. తీగల వయసూ, నాటిన ఒత్తూ, రకాల పాళ్లూ రెండు చోట్లా ఒకటి కావు కనుక తేడా అంతా నేలదేనని తేల్చడం తొందరపాటవుతుంది. అయినా యాజమాన్యం రెండింటినీ కలిపి ఒక పెద్ద వైనుగా అమ్మలేదు. లా మిషన్ తన పేరుతోనే సీసాలకెక్కుతోంది.