శీతలీకరణ నీటిలో బయోసైడ్లు: భద్రమైన వాడకం చరిత్ర

కూలింగ్ టవర్ నీటిలో నాచు, బ్యాక్టీరియా పెరిగితే గొట్టాల లోపల జిగురు పొర కడుతుంది. వేడి సరిగా దిగదు, పొర కింద లోహం తుప్పు పడుతుంది. దీన్ని అరికట్టే రసాయనాలే బయోసైడ్లు. నీటిలోని జీవులను చంపేవి కాబట్టి వాటిని కలిపే మనిషికీ ప్రమాదమే.

20వ శతాబ్దంలో ఎక్కువ కాలం ఈ పనికి క్లోరిన్ వాయువునే వాడారు. అది టన్నర్ అనే పెద్ద ఉక్కు సిలిండర్లలో వచ్చేది, ఒక్కోదానిలో సుమారు 900 కిలోల ద్రవ క్లోరిన్ ఉంటుంది. తొలి గొప్ప మెరుగుదల వాక్యూమ్ క్లోరినేటర్. ఇందులో ఎజెక్టర్ గుండా దూసుకుపోయే నీరే వాయువును పీల్చుకుంటుంది. గొట్టం పగిలినా క్లోరిన్ బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోతుంది. కానీ టన్నర్‌లో పీడనం అలాగే ఉంటుంది, అక్కడ సిబ్బంది నైపుణ్యమే రక్ష. టన్నర్‌ను పడుకోబెట్టి, రెండు వాల్వులూ ఒకదానిపై ఒకటి వచ్చేలా తిప్పుతారు. పైదాని నుంచి వాయువు, కిందిదాని నుంచి ద్రవం వస్తాయి. ద్రవం కారుతుంటే చిల్లు పైకి వచ్చేలా దొర్లిస్తారు. ఒక పాలు ద్రవం దాదాపు 460 పాళ్ల వాయువవుతుంది మరి! లీకు మీద నీళ్లు మాత్రం కొట్టకూడదు. ఆమ్లం ఏర్పడి చిల్లు పెద్దదవుతుంది.

1976లో ఫిలడెల్ఫియా హోటల్‌లో బయటపడ్డ లెజియొనేర్స్ వ్యాధి, ఆ తర్వాత కూలింగ్ టవర్లతో ముడిపడ్డ కేసులు బయోసైడ్ మోతాదు తగ్గి బ్యాక్టీరియా పెరిగినా ముప్పేనని చూపాయి. 1984 భోపాల్ దుర్ఘటనకు కారణం వేరే వాయువే అయినా, విష రసాయనాల నిల్వలపై అందరి దృష్టీ పడింది. భారత్‌లో 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు వచ్చాయి. చాలా కర్మాగారాలు క్లోరిన్ వాయువు మాని సోడియం హైపోక్లోరైట్‌కు మారాయి. చర్మానికి అలర్జీ తెచ్చే ఐసోథయజోలినోన్ వంటి మందులను క్యాన్లతో ఒంపే పద్ధతి పోయి, మూసిన కంటైనర్ నుంచి డోసింగ్ పంపుతో పంపే పద్ధతి వ్యాపించింది.

హైపోక్లోరైట్ (హైపో) క్లోరిన్ వాయువు కన్నా మేలే, నిరపాయకరం మాత్రం కాదు. 2016లో అమెరికాలోని ఆచిసన్‌లో, ఒక ఆహార పదార్థాల కర్మాగారంలో, సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పొరపాటున హైపో ట్యాంకులోకి ఎక్కించారు. క్లోరిన్ లేచి 140 మందికి పైగా వైద్యం కోసం వెళ్లారు. నింపే గొట్టాలు పక్కపక్కనే ఉండటం ఈ పొరపాటుకు దారితీసింది. కూలింగ్ టవర్ల దగ్గరా ఆమ్లం, హైపో ట్యాంకులు తరచు దగ్గర్లోనే ఉంటాయి. అందుకే వేర్వేరు కప్లింగులు, తాళాలు, పేరు పలకలు పెట్టడం ఖర్చు కాదు, కనీస అవసరం. సర్క్యులేషన్ పంపు ఆగగానే డోసింగ్ పంపులూ ఆగేలా ఇంటర్‌లాక్ కూడా ఉండాలి. లేకపోతే నిలిచిన నీటిలో ఆమ్లం, హైపో కలిసి అక్కడే క్లోరిన్ పుడుతుంది.