స్టీరింగ్‌లో గాలి: వందేళ్ల నాటి వాల్వు కథ

పులివెందుల తోటల నుంచి చీనీకాయలు మోసే పాత బొలెరో అయినా, జమ్మలమడుగు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు తిరిగే లారీ అయినా, మలుపు దగ్గర డ్రైవరు చేతికి సాయం పట్టేది నూనె. పంపో పైపో మార్చినప్పుడు ఆ నూనెలో గాలి చేరిందా, ఇక బండి మూలగడం మొదలవుతుంది. స్టీరింగ్ ఒకసారి తేలిగ్గా తిరుగుతుంది, మరోసారి మొరాయిస్తుంది. ‘ఎయిర్ పట్టింది’ అని ప్రొద్దుటూరు మెకానిక్ ఒక్క మాటలో తేల్చేస్తాడు. దానికి అతను చేసే వైద్యం మూలాలు మాత్రం అమెరికాలో ఉన్నాయి.

స్టీరింగ్‌కు యంత్రబలం తోడు చేయాలన్న ఆలోచన కార్లంత పాతది. పిట్స్‌బర్గ్‌కు చెందిన రాబర్ట్ ట్వైఫర్డ్ 1900లోనే ఒక పేటెంటు తీసుకున్నాడు. దాన్ని పని చేయించి చూపినవాడు ఫ్రాన్సిస్ డేవిస్. పియర్స్-ఆరో కంపెనీ ట్రక్కుల విభాగంలో ఇంజనీరుగా ఉంటూ, బరువు బండ్లను తిప్పడానికి డ్రైవర్లు పడే పాట్లు దగ్గరగా చూశాడు. ఉద్యోగం మానేసి, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాల్తమ్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టుకుని, 1926లో పియర్స్-ఆరో కారుకే తన హైడ్రాలిక్ స్టీరింగ్ బిగించి నడిపి చూపాడు.

అతని గొప్పతనమంతా ఒక వాల్వులో ఉంది.

వాల్వులు మూసి ఉంచి, నూనెను ఎప్పుడూ అధిక పీడనంలో బిగబట్టి, అవసరమైనప్పుడు వదలడం అప్పటి హైడ్రాలిక్ యంత్రాల్లో మామూలు. అలా అయితే సీళ్లు కారడం ఖాయం. డేవిస్ ఆ పద్ధతిని తిరగేశాడు. వాల్వు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పంపు తోసిన నూనె తక్కువ పీడనంతో తిరిగి తిరిగి తన నిల్వ డబ్బాలోకే చేరుతుంది. డ్రైవరు స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రమే ఒక వైపు దారి ఇరుకై, పీడనం పెరిగి, చక్రాలను నెడుతుంది.

ఈనాటి షెడ్డు వైద్యం ఆ ఏర్పాటు మీదే నడుస్తోంది. బ్రేకుల్లో గాలి తీయాలంటే ప్రతి చక్రం దగ్గరా నిప్పిల్ విప్పాలి. చాలా బండ్ల పవర్ స్టీరింగ్‌కు ఆ పని లేదు. తిరిగే నూనే గాలిని డబ్బా దాకా మోసుకొస్తుంది, అక్కడ బుడగలు పైకి తేలి పోతాయి.

డేవిస్ మాత్రం చాలాకాలం ఎదురుచూడాల్సి వచ్చింది. జనరల్ మోటార్స్ ముందు ఆసక్తి చూపినా, ఆర్థిక మాంద్యం రోజుల్లో ఖర్చు ఎక్కువని పక్కన పెట్టేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వాహనాలకు పనికొచ్చాక దాని విలువ తెలిసింది. 1951లో క్రైస్లర్ తన ఇంపీరియల్ కారులో ‘హైడ్రాగైడ్’ పేరుతో పవర్ స్టీరింగ్‌ను మార్కెట్‌కు తెచ్చింది. అప్పటికి డేవిస్ పేటెంట్లలో కొన్నింటికి గడువు తీరిపోయింది. మరుసటి ఏడాది జనరల్ మోటార్స్ కూడా క్యాడిలాక్‌తో రంగంలోకి దిగింది. మన రోడ్ల మీద మాత్రం అంబాసిడర్, పద్మినీ డ్రైవర్లు ఎక్కువమంది దశాబ్దాల పాటు సొంత కండబలాన్నే నమ్ముకున్నారు.

ఇక గాలి తీసే పని. ముందు చక్రాలు నేల తగలకుండా జాకీ మీద లేపి, బండికి స్టాండ్లు పెడతారు. డబ్బా గుర్తు దాకా నింపి, ఇంజను ఆపి ఉంచి, స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు నిదానంగా పలుమార్లు తిప్పుతారు. నూనె తగ్గేకొద్దీ పోస్తారు. బుడగలు ఆగాక ఇంజను స్టార్ట్ చేసి మళ్లీ తిప్పుతారు. కొస దగ్గర పట్టుకుని నిలబెట్టకూడదు. అక్కడ పీడనం అమాంతం పెరిగి పంపు వేడెక్కుతుంది. డబ్బాలో నూనె చిలికిన మజ్జిగలా నురగ కడితే ఇంజను ఆపి, నురగ తేరుకునే దాకా ఆగాలి. తొందరపడి తిప్పేకొద్దీ పెద్ద బుడగలు చిన్నవై నూనెలో కలిసిపోతాయి, పని రెట్టింపవుతుంది.

ఎన్నిసార్లు తీసినా గాలి మళ్లీ చేరుతోందంటే, డబ్బా నుంచి పంపుకు వెళ్లే పైపు మీద అనుమానపడాలి. అక్కడ క్లిప్పు వదులైనా, రబ్బరు పగిలినా, పంపు గాలిని లోపలికి పీలుస్తుంది. బయట చుక్క నూనె కారకపోవచ్చు కాబట్టి లోపం కంటికి కనబడదు.

1988లో జపాన్‌లో సుజుకీ సెర్వోతో ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ కార్లలోకి వచ్చింది. దానికి పంపు లేదు, నూనె లేదు, గాలి బెడదా లేదు. నేటి చిన్న కార్లన్నీ దాదాపు ఆ బాటే పట్టాయి. నూనె స్టీరింగ్ ఉన్న బండి మీదైతే, రిపేరు చేయించాక కొన్నాళ్లపాటు ఇంజను చల్లగా ఉన్నప్పుడు డబ్బా మూత తీసి చూడండి. మట్టం తగ్గితే చేతికందిన నూనె పోయకండి. కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే పోయండి.