కోటా: ఇవ్వాల్సిందా, రావాల్సిందా?

లాటిన్‌లో ‘క్వోటా పార్స్’ అంటే ‘ఎన్నో వంతు’ అని. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో అది భారం లెక్క: సైన్యానికి ఏ ఊరు ఎంతమందిని పంపాలి, పన్నులో ఎంత కట్టాలి అన్నది. మన దగ్గర అర్థం తిరగబడింది. రేషన్ డీలరుకు బియ్యం కోటా, కాలేజీలో స్పోర్ట్స్ కోటా, రైల్లో తత్కాల్ కోటా, అన్నీ రావాల్సినవే. పాత భారం అమ్మకాల ఉద్యోగుల నెత్తిన ఇంకా ఉంది, టార్గెట్ అనే పేరుతో.

రాజకీయ వార్తల్లో మరీ తికమక. ‘ఎమ్మెల్యే కోటా’ ఎమ్మెల్సీ సీట్లు ఎమ్మెల్యేలకు ఇచ్చేవి కావు, వాళ్లు ఓటేసి నింపేవి. ‘గవర్నర్ కోటా’లో నామినేట్ చేసేది గవర్నరే, పేర్లు పంపేది మాత్రం మంత్రివర్గం! తెలంగాణ శాసనమండలి 40 స్థానాల్లో ఎమ్మెల్యే కోటా 14, గవర్నర్ కోటా 6.