ఎల్‌హెచ్‌సీ ఆప్టికల్ ప్రైవేట్ నెట్‌వర్క్

ఎల్‌హెచ్‌సీ ఆప్టికల్ ప్రైవేట్ నెట్‌వర్క్ అనేది జెనీవా సమీపంలోని సెర్న్ ప్రయోగశాలను టైర్-1 (మొదటి అంచె) గణన కేంద్రాలతో కలిపే ప్రత్యేక ఫైబర్ నెట్‌వర్క్. బొలోన్యా, లియాన్, కార్ల్స్‌రూయె, బార్సిలోనా, షికాగో సమీపంలోని ఫెర్మీల్యాబ్ వంటి చోట్ల ఈ కేంద్రాలున్నాయి.

సెర్న్‌లోని లార్జ్ హాడ్రాన్ కొలైడర్ (ఎల్‌హెచ్‌సీ)లో ప్రోటాన్ గుంపులు సెకనుకు సుమారు 4 కోట్లసార్లు ఎదురెదురుగా దాటుతాయి. అప్పుడు పుట్టే డేటాలో వడపోత తరవాత మిగిలేది కొద్ది భాగమే అయినా, దాన్ని భద్రపరచి విశ్లేషించే పని ఒక్క కేంద్రం మోయలేనిది. అందుకే 2008 సెప్టెంబరు 10న యంత్రం మొదలవకముందే ఈ నెట్‌వర్క్ ఏర్పాట్లు సాగాయి. తొలి లైన్ల వేగం సెకనుకు 10 గిగాబిట్లు. పూర్తి సామర్థ్యంతో నడిస్తే అలాంటి ఒక్కో లైనులో రోజుకు సుమారు 108 టెరాబైట్లు వెళ్తాయి. తరవాత 100 గిగాబిట్ల లైన్లు వచ్చాయి.

అసలు చిక్కు వేగంలో కన్నా దూరంలో ఉంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. రానుపోను 100 మిల్లీసెకన్లు పట్టే 10 గిగాబిట్ల లైను నిండుగా నడవాలంటే, అందినట్టు కబురు రాకముందే 125 మెగాబైట్లు దారిలో ఉండాలి. మధ్యలో ఒక్క డేటా ప్యాకెట్ జారిపోయినా, డేటాను పంపే టీసీపీ నియమావళి వేగం తగ్గించేస్తుంది. అందువల్ల సాధారణ ఇంటర్నెట్ రద్దీని దీనిలోకి రానివ్వరు. ముందుగా నమోదైన చిరునామాలకే ప్రవేశం.

టైర్-2 (రెండో అంచె) కేంద్రాలకు ఎల్‌హెచ్‌సీవన్ అనే మరో నెట్‌వర్క్ ఉంది. భారత్‌లో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ ఎల్‌హెచ్‌సీలోని సీఎంఎస్ ప్రయోగానికి, కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రం అక్కడిదే అయిన ఆలిస్ ప్రయోగానికి టైర్-2 కేంద్రాలను నడుపుతున్నాయి.